మాట తీరుకు మార్కులు: సాఫ్ట్ స్కిల్స్ కొలతలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

క్లుప్తంగా: నలుగురితో కలిసి పనిచేయడం, అర్థమయ్యేలా చెప్పడం, ఒత్తిడిలో నిగ్రహం కోల్పోకపోవడం వంటి లక్షణాలకు నియామకాల్లోనూ పదోన్నతుల్లోనూ విలువ పెరిగింది. వీటిని కొలవడం అసాధ్యమేమీ కాదు. కానీ చాలా చోట్ల ఆ పేరుతో కొలుస్తున్నది ఇంగ్లిషు ధారాళతను, మొదటి చూపులో కలిగిన అభిప్రాయాన్ని. ఈ లోపాన్ని ప్రభుత్వ నియామకాలు ఇంటర్వ్యూ మార్కులు తగ్గించి, ప్రైవేటు సంస్థలు పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి దాటాలని చూశాయి. పరిశోధనలు ఎక్కువగా సమర్థిస్తున్న మూడో దారి, అంటే ప్రశ్నలనూ మార్కుల కొలబద్దనూ ముందే సిద్ధం చేసుకుని కొలవడం, మాత్రం అంతగా వాడుకలోకి రాలేదు.

ఇంజినీరింగ్ కళాశాలల్లో ప్లేస్‌మెంట్ల కాలం ముగిశాక, ఎంపిక కానివారికి తరచూ వినిపించే కారణం ‘కమ్యూనికేషన్ సరిపోలేదు’. కోడింగ్ పరీక్షలో తప్పితే ఎన్ని టెస్ట్ కేసులు పాస్ కాలేదో తెరమీదే కనిపిస్తుంది. ఆప్టిట్యూడ్‌లో తప్పితే కటాఫ్ ఎంతో తెలుస్తుంది. గ్రూప్ డిస్కషన్‌లోనో హెచ్‌ఆర్ రౌండ్‌లోనో వెనుదిరిగిన అభ్యర్థికి మాత్రం ఏ జవాబు దగ్గర తప్పిందో, ఎంతలో తప్పిందో చెప్పేవారుండరు. ఉద్యోగంలో ఉన్నవారికి ఇదే చిక్కు అప్రైజల్ రోజుల్లో ఎదురవుతుంది. ‘టీమ్‌తో కలిసి పనిచేయడంలో మెరుగుపడాలి’ అన్న ఒక్క వాక్యం ఇంక్రిమెంటును కోస్తుంది. ఆ వాక్యానికి ఆధారమైన సంఘటన ఏమిటో అందులో రాసి ఉండదు.

ఇదంతా దాపరికమే అనుకోనక్కర్లేదు. చాలాసార్లు చెప్పడానికి నిజంగానే ఏమీ ఉండదు. ముందు అభిప్రాయం ఏర్పడుతుంది, ఆ తర్వాత దానికి తగ్గట్టు ఫారంలో మార్కులు పడతాయి. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే కొలిచేవారి వైపు నుంచి చూడాలి.

గిరాకీ ఎందుకు పెరిగింది

‘సాఫ్ట్ స్కిల్స్’ అన్న మాట మొదట ప్రచారంలోకి వచ్చింది అమెరికా సైన్యపు శిక్షణ విభాగాల నుంచి. యంత్రాలతో చేసే పనులను ఒకవైపు, మనుషులతో, కాగితాలతో చేసే పనులను మరోవైపు పెట్టి 1970ల మొదట్లో అక్కడ చర్చలు జరిగాయి. అప్పుడే ఒక ఇబ్బంది బయటపడింది. ట్యాంకు నడిపేవాడు ఏ మీట తర్వాత ఏది నొక్కాలో వరుసగా రాసివ్వవచ్చు. సిబ్బందిని నడిపేవాడికి అలాంటి జాబితా రాసివ్వడం కుదరదు. యాభై ఏళ్లు దాటినా ఆ ఇబ్బంది అలాగే ఉంది.

ఈలోగా మార్కెట్ మారింది. ఆర్థికవేత్త డేవిడ్ డెమింగ్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1980 నుంచి 2012 మధ్య అమెరికా ఉద్యోగాల్లో మనుషులతో ఎక్కువగా వ్యవహరించాల్సిన వాటి వాటా దాదాపు 12 శాతం పాయింట్లు పెరిగింది. లెక్క ప్రకారం సాగిపోయే పనులను కంప్యూటర్లు తీసుకున్నాయి. మిగిలిన పని నలుగురు పంచుకుని చేయాల్సినది. పంచుకోవడంలో తేడా వస్తే ఒక్కొక్కరికి ఎంత నైపుణ్యం ఉన్నా ఫలితం దెబ్బతింటుంది. హైదరాబాద్ ఐటీ సంస్థల్లో కోడ్ రాసే వ్యక్తే క్లయింటుతో మాట్లాడాల్సి రావడం ఇందులో భాగమే.

బెంగళూరు వస్త్ర కర్మాగారాల్లో జరిగిన ఒక ప్రయోగం ఈ విషయంలో చెప్పుకోదగ్గది. కుట్టుపని చేసే మహిళల్లో లాటరీ పద్ధతిన కొందరిని ఎంచి, మాట్లాడే తీరు, సమయపాలన, సమస్య పరిష్కారం వంటి వాటిలో శిక్షణ ఇచ్చారు. అచ్యుత అధ్వర్యు, నమ్రత కళ, అనంత్ నిషాదం విశ్లేషించిన ఈ ప్రయోగంలో శిక్షణ పొందినవారి ఉత్పాదకత గణనీయంగా పెరిగింది. వేతనం మాత్రం అర శాతం వరకే పెరిగింది. లాభం ఎటు పోయిందన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది, ఆ మార్పును ఎవరి అభిప్రాయంతోనూ కాక కుట్టిన బట్టల లెక్కతో కొలిచారు. ఆఫీసు ఉద్యోగాల్లో అలాంటి లెక్క దొరకదు. అందుకే అక్కడ అభిప్రాయం పెత్తనం చేస్తుంది.

ఇంటర్వ్యూ గదిలో పడే మార్కు దేనికి

మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే ఒక విచిత్రం గమనించారు. సైనికాధికారులు తమ కింది వారికి తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, శీలం అంటూ విడివిడిగా మార్కులు వేశారు. తీరా చూస్తే ఒకదానిలో ఎక్కువ వచ్చినవారికి అన్నింటిలోనూ ఎక్కువే వచ్చాయి. నిజ జీవితంలో ఈ గుణాలు అంతగా కలిసి ఉండవు. ఒక మంచి లక్షణం కంటపడగానే మిగతావన్నీ దాని వెలుగులోనే కనిపిస్తున్నాయన్నమాట. దీన్ని హేలో ప్రభావం అంటారు.

మన క్యాంపస్ ఎంపికల్లో ఆ వెలుగు ఎక్కువగా ఇంగ్లిషు ధారాళత నుంచి వస్తుంది. తడుముకోకుండా మాట్లాడే అభ్యర్థికి ఆత్మవిశ్వాసం ఉన్నట్టు, ఆత్మవిశ్వాసం ఉంది కాబట్టి నాయకత్వం ఉన్నట్టు, నాయకత్వం ఉంది కాబట్టి బృందంలో ఇమిడిపోతారన్నట్టు ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన అభ్యర్థి ప్రతి వాక్యాన్నీ మనసులో ఒకసారి సరిచూసుకుని పలుకుతాడు. ఆ రెండు సెకన్ల జాప్యం సంకోచంగా, సంకోచం అసమర్థతగా నమోదవుతుంది. గ్రూప్ డిస్కషన్ ఈ లోపాన్ని ఇంకా పెంచుతుంది. పన్నెండు మంది, పదిహేను నిమిషాలు అనుకుంటే, మనిషికి నిమిషంపైన కొద్ది సెకన్లు దక్కుతాయి. ముందుగా గొంతు విప్పినవాడికి మార్కు పడుతుంది. ఇతరుల మాట చివరిదాకా వినడం కూడా సాఫ్ట్ స్కిలే అయినా, విన్నందుకు మార్కు వేసే గడి ఆ కాగితం మీద సాధారణంగా ఉండదు.

ముచ్చట్లలా సాగే ఇంటర్వ్యూ ఎంత మోసం చేయగలదో 2013లో జేసన్ డానా, రాబిన్ డాస్, నతానియల్ పీటర్సన్ ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి వారికి రాబోయే మార్కులు ఊహించమన్నారు. కొన్ని ఇంటర్వ్యూల్లో జవాబులు నిజాలు కావు, ముందే పెట్టుకున్న ఒక నియమం ప్రకారం అడ్డదిడ్డంగా ఇచ్చినవి. ఇంటర్వ్యూ చేసినవారు ఆ తేడాను పసిగట్టలేకపోయారు, ఎదుటి మనిషి తమకు అర్థమయ్యాడనే భావించారు. పాత మార్కుల జాబితా ఒక్కటే చూసి ఊహించినవారి అంచనా వీరికంటే మెరుగ్గా ఉంది. మనిషి ఏ జవాబు నుంచైనా ఒక పొందికైన కథ అల్లుకోగలడు. ఇరవై ఏళ్ల అనుభవం ఆ అల్లికను ఇంకా నున్నగా చేస్తుందేమో.

అంకెలు ఏమంటున్నాయి

ఎంపిక పద్ధతి పనికొస్తుందా లేదా అన్నది తేల్చడానికి ఒక మార్గం ఉంది. ఎంపిక రోజు వచ్చిన మార్కులకూ, తర్వాత ఉద్యోగంలో చూపిన పనితీరుకూ ఎంత పొంతన ఉందో లెక్క కట్టాలి. అసలు పొంతన లేకపోతే సున్నా, పూర్తిగా సరిపోతే 1.

ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో 85 ఏళ్ల పరిశోధనలను క్రోడీకరించి చెప్పిన అంకెల్లో, ముందే నిర్ణయించిన ప్రశ్నలతో సాగే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూకు 0.51 వచ్చింది. ఇష్టం వచ్చినట్టు సాగే ఇంటర్వ్యూకు 0.38, చేతిరాత చూసి గుణం చెప్పే పద్ధతికి 0.02 వచ్చాయి. చాలాకాలం ఇవే ప్రమాణంగా చలామణి అయ్యాయి. 2022లో పాల్ సాకెట్ బృందం ఈ లెక్కల్లో ఒక సర్దుబాటు మోతాదు మించిందని చూపింది. ఎంపికైనవారి పనితీరు మాత్రమే తెలుస్తుంది, ఎంపిక కానివారిది తెలియదు. ఆ లోటు పూడ్చడానికి అంకెలను పెంచి చూపే పద్ధతి ఉంది. దాన్ని అవసరం లేని చోట్ల కూడా వాడారన్నది సాకెట్ బృందం అభ్యంతరం. సవరించాక స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ 0.42తో పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. ముచ్చట్ల ఇంటర్వ్యూ 0.19కి పడిపోయింది. అంతకుముందు 0.51తో ఉన్న సామర్థ్య పరీక్షలు 0.31కి దిగాయి.

0.42 అన్నా గొప్ప అంకె ఏమీ కాదు. మనుషుల పనితీరులో కనిపించే తేడాల్లో ఐదో వంతులోపే దానితో ముందుగా తెలుస్తుంది. మిగతాది పై అధికారి, జట్టు, ఇంటి పరిస్థితులు, అదృష్టం. అయినా అదే గది, అవే కుర్చీలు, అంతే సమయం ఉన్నా ప్రశ్నల తీరు మార్చినంత మాత్రాన ఫలితం రెట్టింపు కావడం చిన్న విషయం కాదు.

వ్యక్తిత్వ పరీక్షల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మనుషులను పదహారు రకాలుగా విడదీసే మయర్స్-బ్రిగ్స్ పరీక్షను నియామకాలకు వాడవద్దని దాన్ని అమ్మే సంస్థే చెబుతోంది. శ్రద్ధాసక్తులను కొలిచే ప్రశ్నావళులకు కొంత విలువ ఉంది కానీ, ఉద్యోగం కావాల్సిన మనిషి ‘నేను పనులు వాయిదా వేస్తుంటాను’ అన్న వాక్యం ఎదుట ‘అవును’ అని టిక్కు పెడతాడని ఆశించలేం.

ఒక మంచి ప్రశ్న ఎలా తయారవుతుంది

స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ అంటే ఇంటర్నెట్లో దొరికే ప్రశ్నల పట్టిక పట్టుకుని కూర్చోవడం అనుకుంటారు. అసలు శ్రమ ఇంటర్వ్యూకు ముందు జరగాలి.

ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌కు సిబ్బంది కావాలనుకుందాం. ప్రకటనలో ‘మంచి కమ్యూనికేషన్, సహనం, బృంద స్ఫూర్తి’ అని రాస్తే అది ఏ ఉద్యోగానికైనా సరిపోతుంది, కాబట్టి ఏ ఉద్యోగానికీ పనికిరాదు. దానికి బదులు ఆ కౌంటర్‌ను ఇప్పటికే చూస్తున్న సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి, గత ఏడాదిలో ఎవరైనా బాగా నెట్టుకొచ్చిన సందర్భాలు, బాగా చెడగొట్టిన సందర్భాలు చెప్పమనాలి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు, ఏమైంది. విశేషణాలు వద్దు, సంఘటనలు కావాలి. జాన్ ఫ్లానగన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళం కోసం చేసిన పని నుంచి రూపుదిద్ది, 1954లో వివరంగా రాసిన పద్ధతి ఇదే. అలా పోగైన సంఘటనల్లోంచి ప్రశ్న పుడుతుంది:

‘డాక్టరు డిశ్చార్జి రాసి నాలుగు గంటలైంది. బీమా అనుమతి ఇంకా రాలేదు. రోగి కొడుకు కౌంటర్ దగ్గర గట్టిగా అరుస్తున్నాడు. అతని వెనుక ఆరుగురు వరుసలో ఉన్నారు. మీరు ఏం చేస్తారు?’

ప్రశ్నతోపాటే మార్కుల కొలబద్దా సిద్ధం కావాలి. ‘అది మా చేతుల్లో లేదండీ, బీమా కంపెనీని అడగండి’ అనేవారికి 1. సర్ది చెప్పి, ఆలస్యానికి కారణం వివరించి, కాసేపు కూర్చోమనేవారికి 3. ఫైలు ఏ మెట్టు దగ్గర ఆగిందో కనుక్కుని, మళ్లీ ఎన్ని గంటలకు కబురు చెబుతారో స్పష్టంగా చెప్పి, వరుస ఆగకుండా చూసి, అనుమతి రాకపోయినా చెప్పిన సమయానికి వెళ్లి కనిపించేవారికి 5. ఈ మూడు జవాబులూ ఊహించి రాసినవి కాకూడదు. ఆ కౌంటర్‌లో నిజంగా జరిగిన వాటిలోంచి రావాలి. అప్పుడే సహనం అన్న గాలి మాట కంటికి కనిపించే పనిగా మారుతుంది.

మిగతా నియమాలు చూడడానికి చాదస్తంగా ఉంటాయి. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస. ప్రతి జవాబుకూ అప్పటికప్పుడే మార్కు, అన్నీ అయ్యాక మొత్తంగా కాదు. ఇద్దరు ఇంటర్వ్యూ చేస్తుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి కాగితం మీద వారు వేసేయాలి. లేకపోతే పెద్ద హోదా ఉన్నవారి మార్కే ఇద్దరి మార్కూ అవుతుంది. అనుభవం ఉన్న అభ్యర్థిని ఊహాజనిత సందర్భం కంటే గతంలో నిజంగా ఏం చేశారో అడగడం మేలని ఒక వాదన ఉంది. ఫ్రెషర్లకు గతం ఉండదు కాబట్టి కళాశాల ఫెస్ట్, ప్రాజెక్టు బృందం, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం వంటివి అడగవచ్చు. అయితే ఆ అవకాశాలు లేని కళాశాలల నుంచి వచ్చినవారు అక్కడ నష్టపోతారు. వారికి ఊహాజనిత సందర్భమే న్యాయమైన ప్రశ్న.

భాష విషయంలో ఈ పద్ధతి ఒక చిక్కుముడి విప్పుతుంది. కౌంటర్ దగ్గర గొడవ తెలుగులో జరుగుతుంది, సర్దుబాటూ తెలుగులోనే జరుగుతుంది. కాబట్టి జవాబు తెలుగులో చెప్పనివ్వాలి. బీమా సంస్థకు ఇంగ్లిషులో మెయిల్ రాయడం ఆ ఉద్యోగంలో భాగమైతే, ఆ మెయిలే రాయించి వేరే గడిలో మార్కు వేయాలి. రెండింటినీ ఒకే జవాబులో కలిపి కొలిస్తే ఇంగ్లిషు సహనాన్ని మింగేస్తుంది.

ఇంత తేలికైతే అందరూ ఎందుకు చేయరు? తేలిక కాదు గనుకే. ఒక్కో ఉద్యోగానికి సంఘటనలు సేకరించడానికి రోజులు పడుతుంది. ప్రశ్నలు సాయంత్రానికల్లా వాట్సాప్ గుంపుల్లో తిరుగుతాయి కాబట్టి, ఒకే స్థాయి ప్రశ్నలు కొన్ని జతలు సిద్ధంగా ఉంచాలి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇంటర్వ్యూ చేసేవారే. ‘మనిషిని చూడగానే చెప్పేస్తాను’ అన్న నమ్మకం మీద హోదా నిలబడి ఉన్నప్పుడు, కాగితం చూసి ప్రశ్నలు చదవమంటే చిన్నతనంగా తోస్తుంది.

ఐదు రోజుల పరీక్షలో బయటపడ్డ నిజం

మాటలు అడగడం మాని మనిషిని పనిలో పెట్టి చూస్తే? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సైన్యం అధికారుల ఎంపికకు ఈ దారి పట్టింది. అమెరికా గూఢచార విభాగం కూడా ఇదే అనుసరించింది. భారత సైన్యంలో నేటికీ కొనసాగుతున్న సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఆ వంశంలోదే. తెలుగు అభ్యర్థులకు బెంగళూరు, భోపాల్, విశాఖపట్నం కేంద్రాల పేర్లు పరిచితమే. ఐదు రోజుల పాటు సాగే ఈ ఎంపికలో సైకాలజిస్టు, బృంద కార్యాలు నడిపే అధికారి, ఇంటర్వ్యూ అధికారి ముగ్గురూ వేర్వేరుగా అంచనా వేస్తారు. దుంగలు, తాళ్లు, పీపాలు ఇచ్చి బృందంగా అడ్డంకి దాటమంటారు. చివరి రోజున ముగ్గురి అంచనాలూ ఒక బల్ల మీదికి వస్తాయి. ముందే మాట్లాడుకోకూడదన్న నియమానికి ఇది చక్కని అమలు.

వ్యాపార సంస్థల్లో అమెరికా టెలిఫోన్ దిగ్గజం ఏటీ అండ్ టీ 1956లో మొదలుపెట్టిన అధ్యయనంతో ఈ పద్ధతి అసెస్‌మెంట్ సెంటర్ పేరుతో వ్యాపించింది. అయితే 1982లో సాకెట్, జార్జ్ డ్రెహర్ కలిసి చేసిన పరిశీలన నిర్వాహకులను ఇరుకున పెట్టింది. బృంద చర్చలో ఒకరికి నాయకత్వంలో వచ్చిన మార్కు, మరో అభ్యాసంలో అదే నాయకత్వానికి వచ్చిన మార్కుతో కలవలేదు. అదే బృంద చర్చలో వేరే గుణాలకు వచ్చిన మార్కులతో మాత్రం కలిసింది. అంటే నాయకత్వం మనిషి జేబులో పెట్టుకుని తిరిగే వస్తువులా ప్రవర్తించడం లేదు, సందర్భాన్ని బట్టి మారుతోంది. తాళ్లతో వంతెన కట్టించిన వ్యక్తి బడ్జెట్ సమావేశంలో మౌనంగా కూర్చోవచ్చు.

ఒక్క సందర్భం చూసి ఒక గుణానికి ముద్ర వేయకూడదన్నది ఇందులోంచి తేలే విషయం. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్య ప్రవేశాలకు రూపొందించిన మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఒక పొడవాటి ఇంటర్వ్యూకు బదులు అనేక చిన్న గదులు, గదికో సందర్భం, గదికో పరీక్షకుడు. ఒక గదిలో తడబడినా మరో గదిలో లెక్క కొత్తగా మొదలవుతుంది.

కోర్టులు, కమిషన్లు పట్టిన దారి

మన దేశంలో ఈ సమస్యకు మొదట జవాబు వెతికింది న్యాయస్థానాలు. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల ప్రవేశాల్లో రాత పరీక్షకు 100, మౌఖికానికి 50 మార్కులు ఉండేవి. ఒక్కో అభ్యర్థిని రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, ప్రధానంగా తల్లిదండ్రుల గురించి, నివాసం గురించి అడిగారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అజయ్ హాసియా కేసులో 1980 నవంబరులో ఇచ్చిన తీర్పు, మొత్తంలో 15 శాతానికి మించి మౌఖికానికి కేటాయించడం ఏకపక్షమని చెప్పింది. ఇంటర్వ్యూలను టేపు మీద రికార్డు చేయడం మంచిదన్న సూచన కూడా అందులో ఉంది. హరియాణా సర్వీస్ కమిషన్‌కు సంబంధించిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో 1985లో ఆ పరిమితి ఇంకా తగ్గి, సాధారణ అభ్యర్థులకు 12.2 శాతం అయింది.

నేటి సివిల్ సర్వీసెస్ పరీక్షలో 2025 మార్కులకు వ్యక్తిత్వ పరీక్ష 275. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గెజిటెడ్ కాని కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలే తీసేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాల నుంచి వాటిని తొలగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో రద్దు నిర్ణయం వెలువడినా, 2022 గ్రూప్-1 నియామకాల్లో ఇంటర్వ్యూ మళ్లీ కనిపించింది.

సిఫారసుకూ కులానికీ ప్రాంతానికీ తలుపు మూయాలన్న ఉద్దేశం ఇందులో స్పష్టం, అది సబబైనదే. కానీ కొలత నమ్మదగినది కాదని దాని వాటా తగ్గించుకుంటూ పోవడం వల్ల కొలత మెరుగుపడదు. రేపు ప్రజలతో నిత్యం వ్యవహరించాల్సిన అధికారిలో వినే ఓర్పు ఉందో లేదో చూడకుండానే ఎంపిక పూర్తవుతుంది. 15 శాతం అన్న అంకె అందరికీ గుర్తుంది. రికార్డు చేయమన్న సూచన అంతగా ఎవరికీ పట్టలేదు.

కెమెరా ముందు అభ్యర్థి

ప్రైవేటు రంగం వేరే దారి పట్టింది. వేలమంది ఫ్రెషర్లను వడపోయాలి, అంతమంది ఇంటర్వ్యూదారులు లేరు. ఫోనులో మాట్లాడితే ఉచ్చారణకూ ధారాళతకూ సాఫ్ట్‌వేరే మార్కు వేసే పరీక్షలు ఐటీ, కాల్ సెంటర్ నియామకాల్లో ఏనాడో స్థిరపడ్డాయి. తర్వాత వీడియో వచ్చింది. అభ్యర్థి లాప్‌టాప్ ఎదుట కూర్చుని, ఎదురుగా ఎవరూ లేకుండా, తెర మీది ప్రశ్నకు గడువులోపు జవాబిస్తాడు.

సాఫ్ట్‌వేర్ అలసిపోదు, అందరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది. స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూలోని సగం గుణం దానికి పుట్టుకతోనే ఉంది. చిక్కంతా మార్కు దేనికి వేస్తోందన్న దగ్గర. అమెరికా సంస్థ హైర్‌వ్యూ కొంతకాలం ముఖ కవళికలను కూడా లెక్కలోకి తీసుకుంది. విమర్శలు, ఫిర్యాదుల తర్వాత ఆ భాగాన్ని విరమించుకున్నట్టు 2021 జనవరిలో ప్రకటించింది. ముఖం వదిలేసినా గొంతు మిగిలింది. మాటను అక్షరాల్లోకి మార్చే ఐదు పెద్ద కంపెనీల వ్యవస్థలను 2020లో పరీక్షించినప్పుడు, అమెరికాలోని తెల్లవారి మాటల్లో 19 శాతం తప్పుగా రాస్తే, నల్లవారి మాటల్లో 35 శాతం తప్పుగా రాశాయి. ఒకే దేశంలో, ఇంగ్లిషే మాతృభాష అయినవారి మధ్య ఇంత తేడా ఉంటే, ‘జీరో’లోని మొదటి ధ్వని ‘జ’గానే పలికే తెలుగు గొంతు దగ్గర ఏం జరుగుతుందో అమ్మే సంస్థలు అంకెలతో చూపించాలి. వ్యవస్థ ఇప్పుడు మెరుగుపడిందన్న హామీ ఆ లెక్కకు ప్రత్యామ్నాయం కాదు.

చట్టాలు నెమ్మదిగా కదులుతున్నాయి. ఇల్లినాయి రాష్ట్రం 2020 నుంచి వీడియో ఇంటర్వ్యూల్లో కృత్రిమ మేధ వాడితే అభ్యర్థికి ముందే చెప్పాలంది. న్యూయార్క్ నగరం 2023 జులై నుంచి ఇలాంటి సాధనాలకు పక్షపాత తనిఖీని తప్పనిసరిగా అమలు చేస్తోంది. ఐరోపా సమాఖ్య చట్టం పని ప్రదేశాల్లో భావోద్వేగాలను ఊహించే వ్యవస్థలను 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది, నియామక సాధనాలను అధిక ముప్పు ఉన్న వాటి జాబితాలో చేర్చింది. భారత్‌లో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం డేటా ఎలా సేకరించాలో, ఎలా భద్రపరచాలో చెబుతుంది. ఆ డేటాతో వేసిన మార్కు సరైనదో కాదో చూడడం దాని పరిధిలో లేదు.

ఉద్యోగంలో చేరాక

ఏడాది పొడవునా దగ్గరుండి చూసిన మేనేజర్ వేసే రేటింగ్ ఇంటర్వ్యూ కంటే నమ్మదగినదిగా ఉండాలి. లెక్కలు అలా చెప్పడం లేదు. స్టీవెన్ స్కల్లెన్, మైకేల్ మౌంట్, మేనార్డ్ గాఫ్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో 4,492 మంది మేనేజర్లకు ఇద్దరు పై అధికారులు, ఇద్దరు సహోద్యోగులు, ఇద్దరు కింది ఉద్యోగులు వేసిన రేటింగ్‌లను విడదీసి చూశారు. రేటింగ్‌ల్లోని తేడాల్లో సగానికి పైగా, రేటింగ్ ఎవరు వేశారన్న దాన్ని బట్టే వచ్చాయి. అసలు పనితీరు వాటా దాదాపు నాలుగో వంతు. రేటింగ్ కాగితం చదివితే పొందినవారి గురించి కంటే వేసినవారి గురించి ఎక్కువ తెలుస్తుందన్నమాట.

నాలుగు వైపుల నుంచి అభిప్రాయం తీసుకునే 360 డిగ్రీల పద్ధతి ఈ లోపాన్ని కొంత సరిచేస్తుంది. ఎక్కువమంది వేసినప్పుడు ఒకరి పక్షపాతాన్ని మరొకరిది కొంతవరకు కొట్టేస్తుంది. అయితే అదే కాగితం ఇంక్రిమెంటుకు ముడిపడిన మరుక్షణం సహోద్యోగులు లెక్కలు వేసుకోవడం మొదలుపెడతారు. నువ్వు నాకు నాలుగు వేస్తే నేను నీకు నాలుగు. లోపాలు తెలుసుకుని దిద్దుకోవడానికి వాడినంతకాలం అది పనిచేస్తుంది, డబ్బు పంచడానికి వాడితే పాడవుతుంది.

ప్రభుత్వోద్యోగుల వార్షిక రహస్య నివేదికల చరిత్ర ఇక్కడ ప్రస్తావించదగ్గది. సరిహద్దు రహదారుల సంస్థలో ఇంజినీరైన దేవ్ దత్ అనే ఉద్యోగికి ఒక ఏడాది నివేదికలో ‘గుడ్’ అని రాశారు. పదోన్నతికి ‘వెరీ గుడ్’ కావాలి. చెడ్డ వ్యాఖ్య కాదు కాబట్టి ఆయనకు తెలియజేయలేదు, పదోన్నతి మాత్రం ఆగిపోయింది. మంచిదైనా చెడ్డదైనా ప్రతి నమోదునూ ఉద్యోగికి తెలపాల్సిందేనని సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. మరుసటి ఏడాది నుంచి కేంద్రంలో నివేదిక పేరు, రూపం మారాయి. ఒకటి నుంచి పది వరకు అంకెలు వచ్చాయి. పని ఫలితానికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30, విధి నిర్వహణ సామర్థ్యానికి 30 శాతం భారం ఇచ్చారు. రహస్యం పోయింది. కానీ ‘బృంద స్ఫూర్తి’కి 7 ఎప్పుడు వేయాలో, 8 ఎప్పుడు వేయాలో చెప్పే కొలబద్ద రాలేదు. ఉద్యోగి చూస్తాడని తెలిశాక అధికారి పెన్ను పైకి జరగడం మానవ సహజం. అందరికీ 8 దాటితే అంకెకు అర్థం ఉండదు.

ప్రైవేటు సంస్థల బెల్ కర్వ్ దీనికి ఎదురు వైద్యం. ఇంతమందికే పై రేటింగ్, ఇంతమందికి తప్పనిసరిగా కింది రేటింగ్ అని ముందే గీత గీస్తారు. మార్కుల వరద ఆగుతుంది. దానితోపాటు, పక్కవాడికి సాయం చేయాలన్న ఆసక్తి కూడా ఆగిపోతుంది. బృందస్ఫూర్తిని కొలవడానికి ఎంచుకున్న సాధనం దాన్నే చంపేయడం ఈ రంగంలో తరచూ జరిగేదే.

తేడా తెచ్చేది ఖర్చు లేని ఒక అలవాటు. ఏడాది చివర గుర్తు తెచ్చుకుని రాయడం మాని, సంఘటన జరిగిన వారంలోనే తేదీ వేసి రెండు వాక్యాలు రాసుకోవాలి. మార్చిలో కూర్చుని రాసే మేనేజర్‌కు జనవరి, ఫిబ్రవరి తప్ప మిగతా పది నెలలు మసక మసకగానే ఉంటాయి. ‘సహకరించరు’ అన్న మాటకు బదులు ‘ఆగస్టు విడుదల సమయంలో టెస్టింగ్ బృందం మూడుసార్లు అడిగినా వివరాలు పంపలేదు’ అని ఉంటే, ఉద్యోగి ఒప్పుకోవచ్చు లేదా ఖండించవచ్చు. ఏదైనా మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది.

ఇక జరగాల్సింది

ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లోకి, అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ చేతిలోకి వెళ్లడం ఆగదు. అభ్యర్థులు కూడా కృత్రిమ మేధతో జవాబులు తయారుచేసుకుని వస్తున్నారు. రెండు వైపులా యంత్రాలే ఉన్నప్పుడు అప్పజెప్పిన జవాబుకు విలువ తగ్గుతుంది. ఎదురుగా కూర్చోబెట్టి చిన్న పని చేయించి చూడడం మళ్లీ పెరిగే అవకాశం ఉంది. దూరం నుంచి ప్రయాణించి రావాల్సిన జిల్లాల అభ్యర్థులకు అది కొత్త ఖర్చు.

అభ్యర్థులను తయారుచేసే వైపున, ఇంజినీరింగ్ కళాశాలల ఇంగ్లిషు ల్యాబుల్లోనూ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లోనూ సాధన ఎక్కువగా స్వీయ పరిచయం, ఒక్క నిమిషం ప్రసంగం, గ్రూప్ డిస్కషన్ చుట్టూ తిరుగుతోంది. ఎంపికలో దేనికి మార్కు పడుతుందో దాన్నే నేర్పుతారు, అందులో వింత లేదు. సంస్థలు ప్రశ్న మార్చకుండా శిక్షణ మారాలని కోరడం నెరవేరేది కాదు.

సంస్థల వైపున లోపిస్తున్న మెట్టు ఒకటుంది. ఇంటర్వ్యూ రోజున వేసిన మార్కులను దాచిపెట్టి, ఏడాది తర్వాత అదే మనుషుల పనితీరుతో పోల్చి చూడడం అరుదు. ఎంపిక అయిపోగానే ఆ కాగితాల పని అయిపోయిందనుకుంటారు. పోల్చడంలో ఇబ్బందులు లేకపోలేదు. ఏడాదికి పదిమందిని తీసుకునే సంస్థకు ఆ లెక్క తేలడానికి కొన్నేళ్లు పడుతుంది. తిరస్కరించినవారు ఎలా పనిచేసేవారో ఎన్నటికీ తెలియదు. పోల్చడానికి వాడే రేటింగే, పైన చూసినట్టు, సగం రేటింగ్ వేసినవారి నీడ. అందుకే ఎన్నాళ్లు నిలిచారు, ఫిర్యాదులు ఎన్ని, చేతిలోని పని గడువుకు పూర్తయిందా వంటి లెక్కలు పక్కన పెట్టుకోవాలి. వేలమందిని ఏటా తీసుకునే పెద్ద సంస్థలకు ఈ సాకులు కూడా లేవు. వాటికి పరీక్షలు అమ్మే కంపెనీలను అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఈ మార్కుకూ తర్వాతి పనితీరుకూ పొంతన ఎంత? ఆ లెక్క ఏ దేశంలో, ఏ ఉద్యోగంలో ఉన్నవారి మీద కట్టారు?